తాతగారి గుణం మా అబ్బాయికి ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌను. మా మామగారు నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపారు. ఆయన కాటా అంటే ఊరందరికీ నమ్మకం. తూచాక గుప్పెడు కొసరు వెయ్యనిదే పొట్లం కట్టేవారు కాదు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు కొట్టు మావారు చూసుకుంటున్నారు. మాకు ఒక్కడే అబ్బాయి, ఎనిమిదో తరగతి. చిన్నప్పట్నుంచీ కూర్చోబెట్టి శతక పద్యాలు నేర్పించాను. నూట యాభైకి పైగా వచ్చు. పద్యాల పోటీలో ఫస్ట్ ప్రైజ్ తెచ్చుకున్నాడు. అలాంటివాడు గత నెలలో గల్లాపెట్టెలోంచి నాలుగైదు సార్లుగా 2,300 రూపాయలు తీశాడు, ఫోన్ గేమ్‌లో డైమండ్లు కొనుక్కోవడానికి. లెక్క తేడా వచ్చి అడిగితే, కొట్టులో పనిచేసే కుర్రాడు పెట్టె దగ్గర తచ్చాడుతుంటే చూశానని చెప్పాడు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయి, నాలుగేళ్ళుగా మా దగ్గరే ఉన్నాడు. మావారు మావాడి మాట నమ్మి, అతన్ని నలుగురిలో తిట్టి పంపించేశారు. పది రోజుల తర్వాత మావాడి ఫ్రెండ్ వాళ్ళమ్మ ద్వారా అసలు సంగతి బయటపడింది. నిలదీస్తే ఒప్పుకున్నాడు. మావారు బెల్టు తీశారు. అన్ని దెబ్బలు తిన్నా వాడి కంట్లోంచి చుక్క నీరు రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. తాతగారి రక్తమే కదా, ఆ గుణం ఒక్కటీ వీడికి ఎందుకు రాలేదు? నా పెంపకంలో లోపమా? వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో చేర్పించమని ఒకరంటున్నారు, హాస్టల్లో వేస్తే దారికొస్తాడని ఇంకొకరంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ అచ్చువేసింది దాని క్లుప్త రూపం. అసలు ఉత్తరం నాలుగు పేజీలుంది. మొదటిసారి చదివినప్పుడు మీ అబ్బాయి గురించే ఆలోచించాను. మూడోసారి చదివేసరికి నా మనసంతా ఆ పనిచేసే కుర్రాడి మీదికి పోయింది. నాలుగు పేజీల్లోనూ అతని గురించి రాసింది నాలుగు ముక్కలే. అతను ఇప్పుడెక్కడున్నాడు? నిజం తెలిశాక మీలో ఎవరైనా వాళ్ళింటికి వెళ్ళారా? మళ్ళీ పనిలోకి పిలిచారా? ఆ సంగతే లేదు. ఈ మాట మీకు నిష్ఠూరంగా తోస్తే మన్నించండి. నా జవాబు మాత్రం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

మీ అబ్బాయి డబ్బు తీశాడు, అబద్ధం చెప్పాడు, ఆ అబద్ధంతో ఒక మనిషి పొట్ట కొట్టాడు. ఈ మూడింట్లో మీ ఇంట్లో గొడవంతా మొదటి రెండింటి మీదే జరిగినట్టు కనిపిస్తోంది. బెల్టు వాటికోసమే లేచింది, మీకు నిద్ర పట్టనిదీ వాటి గురించే. మూడోదాని కోసం మాత్రం ఎవరూ చెప్పులు వేసుకుని గుమ్మం దాటలేదు. పదమూడేళ్ళ పిల్లవాడు ఇదంతా చూస్తూనే ఉంటాడు. నాన్న జేబుకి చిల్లు పడితే బెల్టు తీస్తారు. పనివాడి బతుకుకి చిల్లు పడితే ఆ సంగతి మెల్లగా మర్చిపోతారు. ఎవరూ నోటితో చెప్పకపోయినా ఈ పాఠం వాడికి ఇప్పటికే సగం వచ్చేసి ఉంటుంది. మిగతా సగం రాకుండా ఆపడం మీ చేతుల్లోనే ఉంది.

ఇక్కడ నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి.

మా నాన్న దర్జీ. పిఠాపురం బజార్లో ఒక మేడ మెట్ల కింద, మిషను, స్టూలు పట్టేంత చోటులో కుట్టేవాడు. గుడ్డ కత్తిరించాక మిగిలిన ముక్కలు, మరీ చిటికెన వేలంత పీలికలు తప్ప, అన్నీ మడిచి కుట్టిన జాకెట్టు లోపలే పెట్టి ఇచ్చేసేవాడు. పక్క కొట్లలో ఆ ముక్కలు దిండ్లలోకి పోయేవి, బొంతలకు అమ్ముడయ్యేవి. నాన్నకు ఆ ఆదాయం లేదు. కుట్టిన బట్టలు ఇళ్ళకు ఇచ్చిరావడం సెలవుల్లో నా పని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా వీధి పిల్లలం బొమ్మల పెళ్ళి పెట్టుకున్నాం. పెళ్ళికూతురు మా ఇంటి బొమ్మ. దానికి చీర లేదు. ఒక లాయరుగారింట్లో ఇవ్వాల్సిన జాకెట్టు మడతలో జానెడు చిలకపచ్చ పట్టు ముక్క ఉంది, దానికి ఎర్రటి జరీ అంచు. దారిలో ఆ ముక్క తీసి లంగా బొడ్లో దోపుకుని, జాకెట్టు ఇచ్చేసి వచ్చాను. పెళ్ళి ఘనంగా జరిగింది. రెండు రోజుల తర్వాత నాన్న అన్నానికొచ్చి, గూట్లో ఉన్న బొమ్మని చూశాడు. ఆ గుడ్డ కత్తిరించింది ఆయనే కదా, చూడగానే గుర్తుపట్టాడు.

నన్నేమీ అనలేదు. బొమ్మ ఒంటి మీంచి ముక్క విప్పాడు. కొట్టుకు తీసుకెళ్ళి, నీళ్ళు చిలకరించి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడతలు పోయేదాకా రుద్దాడు. అదంతా నేను పక్కన నిలబడి చూశాను. తర్వాత నా చెయ్యి పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఇంటికి నడిపించుకెళ్ళాడు. దారిపొడుగునా ఒక్క మాట లేదు. గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, మొన్న జాకెట్టుతో రావలసిన ముక్క ఒకటి మా దగ్గర ఉండిపోయింది. తప్పు మాదేనండి" అన్నాడు. ఆవిడ నవ్వి, "దీనికోసం ఇంత ఎండలో వచ్చావా? పిల్ల బొమ్మకి కట్టుకుంటుంది, ఉంచుకో" అంది. నా గుండె లేచింది. నాన్న తీసుకోలేదు. "మా అమ్మాయికి నేను కొనిస్తానమ్మా" అని చేతిలో పెట్టేసి వచ్చేశాడు. ఆ సాయంత్రం నిజంగానే ఒక నూలు ముక్క కొనుక్కొచ్చాడు. ముతక గుడ్డ, అంచు కూడా లేదు. బొమ్మకి అదే కట్టాను.

ఆయన నన్ను కొట్టలేదు, ఆవిడ ముందు నా పేరెత్తలేదు. "తప్పు మాది" అన్నాడు. ఆ "మాది"లో నేనున్నానని ఆ గుమ్మంలో నాకొక్కదానికే తెలుసు. నాకు అరవై ఆరేళ్ళొచ్చాయి. ఎవరిదైనా వస్తువు పొరపాటున నా దగ్గర ఉండిపోతే ఇప్పటికీ నా చెయ్యి ఆ ఎండలో నాన్న చేతిలోనే ఉన్నట్టుంటుంది.

మీవారు చెయ్యవలసింది కూడా అలాంటి పనే. అబ్బాయిని వెంటబెట్టుకుని ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళాలి. ముందు మాట్లాడవలసింది మీవారు. ఇందులో నటించాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే ఆయన తప్పు నిజంగానే ఉంది. నాలుగేళ్ళు నమ్మకంగా పనిచేసినవాణ్ణి పిలిచి, "నీమీద ఇలా అంటున్నారు, నువ్వేమంటావు?" అని ఒక్క మాట అడగలేదు. కొడుకు మాట నమ్మడం తప్పు కాదు. రెండో మనిషి మాట వినకుండా తీర్పు చెప్పడం మాత్రం తప్పే. "నేను తొందరపడ్డాను, నీకు అన్యాయం చేశాను" అని ఆయన నోటితో ఆయనే అనాలి. ఆ తర్వాత మీ అబ్బాయి, తను చెప్పింది అబద్ధమని, డబ్బు తీసింది తనేనని చెప్పాలి. కాళ్ళమీద పడమని మీరు తోయొద్దు. అది ఆ కుర్రాడికీ ఇబ్బందే. అతని మొహం చూసి, సూటిగా చెప్తే చాలు.

తిట్టింది నలుగురిలో అన్నారు కాబట్టి, సర్దుకోవడం కూడా నలుగురిలోనే జరగాలి. చిన్న టౌను బజారు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దొంగ అన్న పేరు ఒకసారి పడితే ఇంకో కొట్టువాడు పెట్టె దగ్గరికి కూడా రానివ్వడు. ఆ రోజు కొట్టులో ఉన్న వాడుక మనుషులెవరో మీవారికి గుర్తుండే ఉంటుంది. వాళ్ళు మళ్ళీ సరుకులకొచ్చినప్పుడు, అబ్బాయి వింటుండగా, "ఆ రోజు నేనన్నది తప్పండి, ఆ కుర్రాడిది ఏం లేదు" అని చెప్పాలి. కొడుకు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే వద్దు. కుర్రాడి మీద పడ్డ మచ్చ పోవడం ముఖ్యం. దానికోసం మీవాడి మీద ఇంకో మచ్చ వెయ్యక్కర్లేదు. అతనికి పోయిన రోజుల జీతం లెక్కకట్టి ఇవ్వండి. మళ్ళీ పనిలోకి పిలవండి. వస్తే సంతోషం. రానంటే అది అతని ఇష్టం, ఆ మాట కూడా అబ్బాయి వినాలి. క్షమాపణ అడగ్గానే అన్నీ అతుక్కుపోవని తెలియడం కూడా వాడికి అవసరమే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. తాతగారి రక్తం కదా, గుణం ఎందుకు రాలేదన్నారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు కదా, ఆ సామెతను మనం రక్తం గురించి చెప్పినట్టు వాడుకుంటాం. దూడ తల్లి వెనకాల నడుస్తుంది, తల్లి ఎక్కడ మూతి పెడితే అక్కడ పెడుతుంది. చూసి నేర్చుకోవడం గురించే ఆ సామెత. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారి సంగతి చూడండి. ఆయనా ఆయన భార్య లీలగారూ పిల్లలు వద్దనుకున్నారు. 1952లో రాజ్యసభకు వెళ్ళి, పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన మనిషి ఆయన. ఆస్తి ఉద్యమానికి ఇచ్చేశారు. వారసుడంటూ లేని ఆ మనిషిని చూసి తమ బతుకు మార్చుకున్నవాళ్ళు మన జిల్లాల్లో ఊరికి ఒకరన్నా ఉండేవాళ్ళు. నా చిన్నప్పుడు మా వీధిలోనే అలాంటి మాస్టారు ఒకాయన ఉండేవారు.

మీ మామగారి విషయంలో ఒకటి ఆలోచించండి. మీ అబ్బాయి తాతగారిని కాటా దగ్గర చూశాడా? ఆయన చివరి మూడేళ్ళూ మంచంలోనే ఉన్నారని ఉత్తరంలో రాశారు. అంటే ఆయన కొట్టు మానేసేనాటికి వీడికి ఎనిమిదేళ్ళు. వాడికి తెలిసిన తాతయ్య మంచంలో ఉన్న తాతయ్య, ఆ తర్వాత గోడమీద దండ వేసిన తాతయ్య. కొసరు వేసిన చెయ్యిని వాడు చూడలేదు, ఆ చెయ్యి గురించిన పొగడ్త మాత్రం విన్నాడు. పొగడ్త విన్న పిల్లలకు ఆ గుణం మీద గౌరవం పుడుతుందేమో గానీ, తమ చేతికి అలవాటు కాదు. పైగా "తాతగారు ఎలాంటివారు, నువ్వెలాంటివాడివి" అని పోల్చినప్పుడల్లా వాడికి తాతయ్య మీదే విసుగు పుడుతుంది. ఆ పోలిక ఇవాళే మానెయ్యండి.

దానికి బదులు మీవారిని అడిగి, వాళ్ళ నాన్నగారికి ఆ నిజాయితీ వల్ల ఎప్పుడు, ఎంత నష్టం వచ్చిందో చెప్పించండి. కొసరు అంటే ఊరికే రాదు కదా. నలభై ఏళ్ళపాటు ప్రతి పొట్లంలో గుప్పెడు పోతే అది ఎన్ని బస్తాలవుతుంది? కాగితం, పెన్ను ఇచ్చి మీ అబ్బాయిచేతే లెక్క కట్టించండి. రోజుకు వంద పొట్లాలు, గుప్పెడు అంటే ఇరవై గ్రాములే అనుకోండి. రోజుకు రెండు కిలోలు. ఏడాదికి మూడు వందల రోజులు కొట్టు తీసినా ఆరు క్వింటాళ్ళు. నలభై ఏళ్ళకు రెండు వందల నలభై క్వింటాళ్ళు. అంత సరుకు ఆయన ఊరికి ఊరికే ఇచ్చేశారు. "మా తాత మంచివాడు" అన్న మాట కంటే ఈ లెక్క పిల్లవాడి బుర్రలోకి బాగా వెళ్తుంది. ఆయన ఎప్పుడైనా తప్పు చేసి దిద్దుకున్న సంగతి ఉంటే అది కూడా చెప్పమనండి. తప్పే చెయ్యని తాతను పిల్లలు దండం పెట్టి వదిలేస్తారు. తప్పు చేసి దిద్దుకున్న తాత అయితే, ఇప్పుడు వాడున్న స్థితిలో వాడికి ఆసరా అవుతాడు.

పద్యాల గురించి. మీరు పడ్డ శ్రమ వృథా అని నేననను. చిన్నప్పుడు నోటికొచ్చిన పద్యం ఏ నలభయ్యో ఏటో, ఏ ఆస్పత్రి వరండాలోనో ఉన్నట్టుండి అర్థమవుతుంది. నాకలా అయింది. వాటిని అలాగే ఉండనివ్వండి. కానీ తప్పు చేసినప్పుడు శిక్షగా పద్యం అప్పజెప్పించడం ఉంటే మాత్రం ఆపెయ్యండి. పద్యం మీద కోపం వస్తుంది.

నోటితో చెప్పేది, చేతితో చేసేది, ఈ రెండూ పిల్లల్లో వేర్వేరు దారుల్లో వెళ్తాయి. 1970లో అమెరికాలో బ్రయాన్, వాల్‌బెక్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పిల్లలతో పరీక్షించి చూశారు. ఆటలో గెలుచుకున్నదాంట్లో కొంత దానం ఇవ్వాలని పెద్దవాళ్ళు కొందరు పిల్లలకు చెప్పారు. కొందరు ఏమీ చెప్పకుండా ఇచ్చారు. కొందరు చెప్పి కూడా ఇవ్వలేదు. తర్వాత పిల్లలు ఆడి గెలిచినప్పుడు, పెద్దలు ఏం చేశారో దాన్నిబట్టి ఇచ్చారు. ఏం చెప్పారన్నది వాళ్ళ చేతులమీద పెద్దగా పనిచెయ్యలేదు.

నేను జిల్లా పరిషత్ స్కూళ్ళలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను, చివరి ఆరేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా. మా టైంటేబుల్లో వారానికి ఒక నీతి విద్య పీరియడ్ ఉండేది. పదో తరగతికి పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్ లెక్కల మాస్టారికి ఇచ్చేసేవాళ్ళం. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళ కోసం రిజిస్టర్లో మాత్రం నీతి విద్య జరిగినట్టే రాసేవాళ్ళం. పిల్లలకు ఈ సంగతి తెలుసు. ఆ పీరియడ్‌లో వాళ్ళు నేర్చుకున్న నీతి అదే. హెడ్మిస్ట్రెస్‌గా ఆ రిజిస్టరు మీద నేనూ సంతకం పెట్టాను. ఇవాళ్టికీ అది నన్ను బాధపెడుతుంది. ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఎన్నో. అప్పులవాడి ఫోనొస్తే "నాన్న బయటికెళ్ళారని చెప్పు" అంటాం. పన్నెండు నిండిన పిల్లాణ్ణి బస్సులో హాఫ్ టికెట్ కోసం "పదకొండని చెప్పు" అంటాం. కండక్టరు అడిగినప్పుడు పిల్లాడు మన మొహం వైపు చూసే ఆ చూపు నాకు తెలుసు. మీ ఇంట్లో ఇలాంటివి ఉన్నాయో లేదో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది. ఉంటే ఒకటొకటిగా మానండి. మానేటప్పుడు దాచకుండా, "ఇది తప్పు, ఇకనుంచి చెయ్యం" అని వాడి ముందే అనండి.

వాడు ఏడవలేదని భయపడుతున్నారు. అమ్మా, ఆ వయసు మగపిల్లల్ని నేను వందల మందిని చూశాను. దెబ్బ పడుతుంటే ఏడవకపోవడం చాలామందికి రోషం. తప్పు గురించి బాధపడే తీరిక కూడా ఆ క్షణంలో ఉండదు, దెబ్బ కాచుకోవడమే సరిపోతుంది. తర్వాత ఒక్కడే ఉన్నప్పుడు ఏం జరిగిందో మీకెలా తెలుస్తుంది? రాత్రి దిండు తడిసిందేమో. వాడు తిండి తగ్గించాడా, మీ మొహం చూసి మాట్లాడటం మానేశాడా, ఆ కుర్రాడి పేరెత్తితే లేచి వెళ్ళిపోతున్నాడా, ఇవి చూడండి. మీ ఉత్తరం చివర్లో ఒక మాట రాశారు, వాడు ఇప్పుడు కొట్టువైపు రావడం లేదని, బడికి వెనక సందులోంచి వెళ్తున్నాడని. మీరు దాన్ని మొండితనం అన్నారు. నాకది సిగ్గులా కనిపిస్తోంది. ఆ కుర్రాడు నిలబడే చోటు ఖాళీగా ఉండటం వాడు చూడలేకపోతున్నాడు. అలాంటివాడిలో గుణం లేదని నేనెలా అనుకుంటాను?

నిజం ఒప్పుకున్నాక బెల్టు లేచింది. దీని గురించి మీవారితో మెల్లగా మాట్లాడండి. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. నిరపరాధిని వెళ్ళగొట్టానన్న బాధ కూడా ఆ బెల్టులో ఉండి ఉంటుంది. కానీ పిల్లవాడి లెక్కలో జరిగిందేమిటి? అబద్ధం చెప్పినప్పుడు పది రోజులు హాయిగా గడిచాయి. నిజం చెప్పిన పూట ఒళ్ళు వాచింది.

2014లో కెనడాలో కాంగ్ లీ, విక్టోరియా తల్వార్, వాళ్ళతోపాటు మరికొందరు మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలు 268 మందితో ఒక పరిశోధన చేసి ప్రచురించారు. పిల్లలకు వాళ్ళ వెనకాల ఒక బొమ్మ ఉందని, వెనక్కి తిరిగి చూడొద్దని చెప్పి గదిలోంచి వెళ్ళిపోతారు. చాలామంది చూసేస్తారు. తర్వాత తిరిగొచ్చి ఒక కథ చదివి వినిపించి, "నువ్వు చూశావా?" అని అడుగుతారు. కొందరికి మనం "నాన్నా పులి" అని చెప్పుకునే కథ చదివారు, అబద్ధాలాడిన పిల్లాణ్ణి ఎవరూ నమ్మక చివరికి నష్టపోయే కథ. కొందరికి అబద్ధం ఆడితే ముక్కు పెరిగే బొమ్మ కథ. ఆ రెండూ పెద్దగా పనిచెయ్యలేదు. మూడోది జార్జి వాషింగ్టన్ చిన్నప్పుడు చెట్టు నరికి, నాన్న దగ్గర నిజం ఒప్పుకుంటే ఆయన సంతోషించాడన్న కథ. అది విన్నవాళ్ళలో నిజం ఒప్పుకున్నవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ కథనే మార్చి, వాషింగ్టన్ అబద్ధమాడి చిక్కుల్లో పడ్డట్టు చెప్తే మళ్ళీ పని చెయ్యలేదు. మన ఇళ్ళల్లో మనం చెప్పే నీతికథలన్నీ చాలావరకు పులి కథలే, ఎప్పుడైనా గమనించారా?

గాంధీగారి ఇంట్లో జరిగింది ఆ మూడో రకం కథ, పైగా నిజంగా జరిగింది. ఆయనకు పదిహేనేళ్ళప్పుడు అన్నగారికి పాతిక రూపాయల దాకా అప్పుంటే, అది తీర్చడానికి అన్న చేతి బంగారు కడియంలోంచి ముక్క కత్తిరించారు. తర్వాత మనసు ఊరుకోలేదు. నోటితో చెప్పే ధైర్యం చాలక కాగితం మీద రాసి, జబ్బుతో పడుకున్న తండ్రి చేతికిచ్చారు. తప్పు చేశాను, తగిన శిక్ష వెయ్యండి, మిమ్మల్ని మీరు మాత్రం శిక్షించుకోవద్దు అని. ఆయన లేచి కూర్చుని చదివారు. కన్నీళ్ళు చెంపలమీదుగా జారి కాగితం తడిసింది. కాసేపు కళ్ళు మూసుకున్నారు. కాగితం చింపేసి మళ్ళీ పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. నాన్న కోపగించి, తల కొట్టుకుంటారని తను భయపడ్డానని గాంధీగారే రాసుకున్నారు. ఆ పిల్లవాడు ఆ తర్వాత జీవితమంతా నిజం పట్టుకుని ఎంతదూరం వెళ్ళాడో మనకు తెలుసు.

అలాగని వదిలెయ్యమని నేను చెప్పడం లేదు. 2,300 రూపాయలూ వాడే తీర్చాలి. ఆదివారం పొద్దున రెండు గంటలు కొట్టులో పని ఇవ్వండి. పప్పు పొట్లాలు కట్టడం, బస్తాలు సర్దడం, సామాన్ల చీటీ రాయడం. వారానికి వంద చొప్పున జమ. ఇరవై మూడు ఆదివారాలు. ఒక చిన్న నోటుబుక్కులో వాడి చేతిరాతతోనే తేదీ, మొత్తం రాసుకోమనండి, మీవారు పక్కన సంతకం పెట్టాలి. పండగనీ జాలేసిందనీ మధ్యలో మాఫీ చెయ్యకండి. ఫోన్ గేమ్ సంగతి దీంతో కలపకుండా విడిగా చూసుకోండి, ప్రస్తుతానికి ఫోన్ రాత్రిళ్ళు మీ గదిలో ఉంటే చాలు. ఆ ఆదివారాల్లో మీవారు వాడిచేత తూకం వేయించాలి. మీది ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా అయ్యుంటుంది, కొసరు వెయ్యడానికి ముల్లు లేదు, అంకె ఉంటుంది. కవరు బరువు తీసేసి తూచడం నేర్పమనండి. సంవత్సరానికోసారి తూనికల కొలతల శాఖవాళ్ళ దగ్గర కాటాకు ముద్ర వేయించేటప్పుడు వాణ్ణి తీసుకెళ్ళమనండి. తాతగారి గుణం ఎక్కడైనా దొరికితే వాడికి అక్కడే దొరుకుతుంది, ఆ కాటా దగ్గర, నాన్న పక్కన.

కొన్నాళ్ళకు పెట్టె తాళం కూడా వాడి చేతికివ్వాలి. ఈ మాటకు మీవారు ఒప్పుకోరని నాకు తెలుసు. మా బళ్ళో నేను వరండాలో ఒక చెక్కబల్ల మీద పెన్నులు, నోటుబుక్కులు, పక్కన ఒక డబ్బా పెట్టించాను. అమ్మేవాళ్ళెవరూ ఉండరు. కావలసింది తీసుకుని డబ్బు వెయ్యాలి. మొదటి నెల ఎనభై ఆరు రూపాయలు తగ్గాయి. తోటి టీచర్లు మానెయ్యమన్నారు. నేను రిటైరయ్యేదాకా ఆ బల్ల అక్కడే ఉంది. ఏ నెలా లెక్క పూర్తిగా సరిపోలేదు. కొన్ని నెలలు ఇరవై, కొన్ని నెలలు అరవై తగ్గేవి, అది నా జీతంలోంచి వేసేదాన్ని. కానీ ఒకరోజు సాయంత్రం బడి వదిలాక, ఏడో తరగతి పిల్లాడొకడు అటూ ఇటూ చూసి, ఏమీ తీసుకోకుండా డబ్బాలో ఐదు రూపాయల బిళ్ళ వేసి పరిగెత్తడం నా గది కిటికీలోంచి చూశాను. ఎప్పుడో తీసుకున్నదానికి అయ్యుంటుంది. వాణ్ణి నేనెప్పుడూ అడగలేదు. ఎవరూ చూడటం లేదన్న చోటు ఇవ్వకపోతే, ఆ బిళ్ళ వేసే అవకాశం వాడికెక్కడిది?

వ్యక్తిత్వ వికాసం క్లాసులకు పంపితే నష్టమేమీ లేదు, మాట్లాడే ధైర్యం వస్తుంది. కానీ ఈ గొడవ క్లాసులో తీరేది కాదు. హాస్టల్ మాత్రం వద్దు, గట్టిగా చెప్తున్నాను. ఇప్పుడు పంపితే వాడికి అర్థమయ్యేది ఒకటే, తప్పు చేస్తే ఇంట్లోంచి తీసేస్తారని. ఆ కుర్రాణ్ణి తీసేసినట్టే. చుట్టాలకు ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకండి, ఇప్పటికే చెప్పినవాళ్ళు వాడి ముందు ఎత్తకుండా చూసుకోండి. ఇక ఎప్పుడైనా వాడంతట వాడు వచ్చి "అమ్మా, ఒకటి చెప్పాలి" అంటే, పొయ్యి కట్టేసి కూర్చోండి. విన్న తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించుకోవచ్చు. ముందు "చెప్పావు, మంచిపని చేశావు" అనండి, ఆ తర్వాత నష్టం గురించి.

మీ పెంపకంలో లోపమా అని అడిగారు. కొడుకు తప్పు చేస్తే కప్పిపుచ్చకుండా, ఒక పరాయి మనిషికి నాలుగు పేజీలు రాసి అడిగిన తల్లి మీరు. ఆ ఉత్తరాన్ని మీ అబ్బాయికి ఎప్పుడైనా చూపించొచ్చు, ఇప్పుడు కాకపోయినా.

ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళడానికి ఆదివారం దాకా ఆగకండి. మధ్యాహ్నం కొట్టు మూసే వేళ మీరు ముగ్గురూ వెళ్ళండి. అతను వేరే పనిలో చేరి ఉంటే సాయంత్రం ఇంటికొచ్చే టైము కనుక్కుని వెళ్ళండి. వాళ్ళమ్మ కూడా ఇంట్లో ఉండేలా చూసుకోండి. కొడుకుని దొంగ అన్నారని విన్న తల్లి ఆవిడ, కాదన్న మాట కూడా ఆవిడ చెవిన పడాలి. వెళ్ళొచ్చాక నాకు రాయండి.